చదువు మీది, వీసా ముగ్గురిది

ప్రశ్న: నా వయసు 31. మియాపూర్‌లో ఉంటాం. ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేసి, పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు టెక్సాస్‌లో రెండేళ్ల ఎంఎస్‌కి, ఇంగ్లండ్‌లో ఏడాది ఎమ్మెస్సీకి సీట్లు వచ్చాయి. ఆగస్టులో టెక్సాస్ వెళ్లాలని నాకు ఉంది. ఈ జూన్‌కి పాపకి నాలుగు నిండుతాయి. మా వారు ప్రైవేటు ఉద్యోగి, నెలకు 95 వేలు చేతికొస్తుంది. ఫ్లాటు ఈఎంఐ 32 వేలు. నా చదువుకు 38 లక్షల లోన్ తీసుకోబోతున్నాం, ఆయనే కో-అప్లికెంట్. పాపను వదిలి వెళితే బంగారం లాంటి పిల్లను అనాథను చేసినట్టే అంటారు అత్తగారు. ముగ్గురం వెళ్తే పాపను చూసుకోవడానికి తనూ వస్తానంటోంది మా అమ్మ. అమీర్‌పేటలో మేం కలిసిన కన్సల్టెన్సీ వాళ్లేమో, ఇంగ్లండ్ అయితే వెళ్లాక ఫ్యామిలీని పిలిపించుకోవచ్చు, అమెరికా అయితే ఫామ్‌లో సింగిల్ అని పెడితే వీసా తేలిగ్గా వస్తుంది అన్నారు. 2022లో కెనడా వెళ్లిన మా పెద్దమ్మ కొడుకు, మా వదినకు వెళ్లగానే వర్క్ పర్మిట్ వచ్చింది, మీరూ ఇటే రండి అంటున్నాడు. అందరం కలిసి వెళ్లడం మంచిదా, నేను ఒక్కదాన్నే వెళ్లడం మంచిదా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మీరు రాసింది నాలుగు పేజీలు, పైన వేసింది అందులో సారాంశం మాత్రమే. అందులో అత్తగారి మాట ఉంది, అమ్మ మాట ఉంది, కన్సల్టెన్సీ వాళ్ల మాట ఉంది, కెనడా అన్నయ్య మాట కూడా ఉంది. మీ వారి మాట మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఇంగ్లండ్ విషయం తేల్చేద్దాం.

మీరు చేరబోయేది క్లాసులకు వెళ్లి, పరీక్షలు రాసి, చివర్లో డిసర్టేషన్ ఇచ్చే మామూలు ఎమ్మెస్సీ. 2024 జనవరి 1 నుంచి మొదలైన ఇలాంటి కోర్సులకు వెళ్లేవాళ్లు భర్తనూ పిల్లలనూ డిపెండెంట్లుగా తీసుకెళ్లడానికి వీల్లేదు. పీహెచ్‌డీ లాంటి రీసెర్చ్ కోర్సులకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లేవాళ్లకు మాత్రమే ఆ అవకాశం మిగిలింది. పోనీ చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసాకు మారి అప్పుడు పిలిపించుకుందామా అంటే, అదీ కుదరదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నప్పుడే డిపెండెంట్లుగా ఉన్నవాళ్లకే అక్కడా చోటు. అంటే మంచి ఉద్యోగం దొరికి, కంపెనీ స్పాన్సర్ చేసి, మీరు స్కిల్డ్ వర్కర్ వీసాలోకి మారేదాకా పాప మిమ్మల్ని చూడ్డానికి విజిటర్‌గా మాత్రమే రాగలదు. వెళ్లాక పిలిపించుకోవచ్చు అని చెప్పినవాళ్లు 2023 నాటి మాటను మీకు ఇవాళ అమ్ముతున్నారు. కుటుంబం ముఖ్యం అనుకుంటే ఆ సీటును పక్కన పెట్టేయండి.

ఆ కన్సల్టెన్సీ వాళ్లే ఇంకో ఘనకార్యం సలహా ఇచ్చారు, సింగిల్ అని పెట్టమని. ఇది చదివి నాకు నిజంగానే ఒళ్లు మండింది. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫామ్‌లో పెళ్లయిందా లేదా అని అడుగుతారు, భర్త వివరాలు అడుగుతారు. అక్కడ అబద్ధం రాసి దొరికితే ఈ ఒక్క వీసా పోవడంతో ఆగదు. కావాలని తప్పుడు వివరాలిచ్చి వీసా పొందాలని చూశారని తేల్చితే జీవితాంతం అమెరికా వీసాకు అనర్హులయ్యే ప్రమాదం ఉంది. దొరక్కుండా వెళ్లారే అనుకోండి, రేపు మీ భర్తగా ఆయన, మీ కూతురిగా పాప అప్లై చేసినరోజు ఏం చెబుతారు? ఫామ్ నింపిన కన్సల్టెన్సీ కుర్రాడు ఆ రోజు మీ పక్కన ఉండడు. ఫామ్ మీద ఉండేది మీ పేరే, జవాబు చెప్పుకోవాల్సిందీ మీరే.

ఇక అమెరికా. మీది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా అయితే, భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలది ఎఫ్-2, అంటే డిపెండెంట్ వీసా. ముందు యూనివర్సిటీ వాళ్లు ఆయనకొకటి, పాపకొకటి విడివిడిగా ఐ-20 ఇవ్వాలి, వీసా అడగడానికి కావాల్సిన యూనివర్సిటీ పత్రం అది. ఇవ్వాలంటే మీ ఫీజు, మీ ఖర్చుతో పాటు వాళ్లిద్దరి ఖర్చుకూ డబ్బు చూపించాలి. ఎంతన్నది ఒక్కో యూనివర్సిటీ ఒక్కో అంకె పెడుతుంది. వీసా అప్లికేషన్ ఫీజు మనిషికి 185 డాలర్లు, పాపకైనా అంతే. విదేశీ విద్యార్థుల నమోదు కోసం కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం మీ ఒక్కరికే, ఎఫ్-2 వాళ్లకు లేదు. నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ ముందు వరసలో నిలబడ్డ కుటుంబాలను చూసే ఉంటారు. ఫైలు పట్టుకున్న అమ్మ, నిద్ర చాలని పిల్ల, పెళ్లి ఆల్బమ్ సంచీలో పెట్టుకున్న నాన్న. అందులో మీరూ ఒకరవుతారు. అంతవరకూ కష్టమేమీ కాదు. వెళ్లేముందు చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేస్తామన్నా నేను కాదనను, కాకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పట్టుకెళ్లండి.

కష్టం అక్కడ దిగాక. ఎఫ్-2 మీద ఉన్న మనిషి ఉద్యోగం చేయకూడదు. క్యాంపస్‌లోనూ చేయకూడదు, బయటా చేయకూడదు. మీరు చదువయ్యాక ఓపీటీ మీద, అంటే ఎఫ్-1 వాళ్లకు కొంతకాలం పని చేసుకోనిచ్చే అనుమతి మీద, ఉద్యోగంలో చేరినా ఆయన ఎఫ్-2గానే ఉంటారు, అప్పుడూ చేయకూడదు. చదువుకోవచ్చు కానీ పార్ట్‌టైమ్‌గానే. పూర్తిస్థాయి కోర్సు చేయాలంటే ఆయన సొంతంగా ఎఫ్-1కి మారాలి, అంటే ఇంకో ఫీజు, ఇంకో లోన్. ఉన్న కంపెనీకే అక్కడి నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తారు, జీతం ఇక్కడి అకౌంట్లోనే పడుతుంది కదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఎఫ్-2కి ఉద్యోగం లేదన్నదే నిబంధన. జీతం ఎక్కడ పడుతుందన్న వాదన మీద ముగ్గురి వీసాలు నిలబెట్టొద్దు.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పనివ్వండి. 2006లో నేను ఎఫ్-2 మీద వెళ్లాను. మా వారిది పీహెచ్‌డీ, నేను అప్పటిదాకా నారాయణగూడలో ఒక కాలేజీలో లెక్చరర్‌ని. అప్పట్లో నిబంధన ఇంకా గట్టిది. సరదాగా నేర్చుకునే క్లాసులు తప్ప డిగ్రీకి పనికొచ్చే చదువు పార్ట్‌టైమ్‌గా కూడా చదవకూడదు. పార్ట్‌టైమ్ చదువుకు దారి తెరిచింది 2015లో. మా ఊళ్లో గంటకొక బస్సు. నాకు డ్రైవింగ్ రాదు. పోపు వేస్తే పొగ అలారం మోగేది, కాబట్టి టవల్ ఊపుతూ వంట చేసేదాన్ని. ఇవన్నీ ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటాం. నవ్వు రానిది ఒకటే. ఆదివారం ఎవరింట్లోనో పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందుకు వెళ్తే కొత్తవాళ్లు ‘మీరేం చేస్తుంటారండీ’ అని అడిగేవాళ్లు. ఏడేళ్లు వందమంది పిల్లలకు పాఠం చెప్పిన నోటికి జవాబు దొరికేది కాదు. పది డాలర్లు కావాలన్నా ఆయన్ని అడగాలి. ఆయన ఎప్పుడూ కాదనలేదు. అయినా అడగాలి.

నేను ఆడదాన్ని కాబట్టి ఊరు దాన్ని మామూలుగానే తీసుకుంది. భర్త చదువుకుంటే భార్య ఇంట్లో ఉంటుంది, అందులో వింతేముంది అనుకున్నారు. మీ వారి విషయంలో అలా ఊరుకోరు. ‘అల్లుడుగారు ఇంట్లో ఖాళీగానే ఉన్నారా?’ అని ఇక్కడి నుంచి ఫోన్లు వస్తాయి. మీ అత్తగారికి కొడుకు పిల్లకు అన్నం తినిపిస్తూ వీడియోలో కనిపిస్తాడు. ఇందులో తప్పేమీ లేదు, నన్నడిగితే ముచ్చటైన దృశ్యం. కానీ దాన్ని ముచ్చటగా చూసే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది? పదేళ్లు ఉద్యోగం చేసిన మగవాడు ఏడాది గడిచేసరికి చిరాకు మొదలుపెడితే, ఆ చిరాకు మీ మిడ్‌టర్మ్ పరీక్షల మధ్యలో వచ్చి పడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది మీరు రాసిన అంకెలతోనే చేస్తున్నాను. చాలా బ్యాంకులు చదువు సాగుతున్నప్పుడు కూడా నెలనెలా వడ్డీ కట్టమంటాయి. 38 లక్షల్లో సగం, అంటే 19 లక్షలు, విడుదలయ్యాయని, వడ్డీ పదిన్నర శాతమని అనుకుంటే నెలకు దాదాపు 16,600. ఫ్లాటు ఈఎంఐ 32 వేలు కలిపితే 48 వేలు దాటింది. మొత్తం విడుదలయ్యాక వడ్డీయే 33 వేలు అవుతుంది, ఈఎంఐతో కలిపి 65 వేలు. ఇదంతా కట్టేది ఎవరి జీతం? ఆ జీతం వదిలేసి మీ వెంట రమ్మంటున్నది ఎవరిని? బ్యాంకు వాళ్లు మీకు లోన్ ఇస్తున్నదే ఆయన జీతం చూసి. మీరు ఎఫ్-1 మీద కోర్సు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ డబ్బు మీ కూరగాయలకు, ఫోన్ బిల్లుకు సరిపోతే గొప్ప. దాంతో ముగ్గురి అద్దె, అక్కడి ఫీజు, ఇక్కడి ఫ్లాటు గడవవు. దీనిపైన హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. స్టూడెంట్‌గా మీకు యూనివర్సిటీ ప్లాన్ ఉంటుంది. అందులో భర్తనూ పిల్లనూ చేర్చడం వేరే ఖర్చు, చిన్న ఖర్చు కాదు. పిల్లకు జ్వరం వస్తే వీధి చివర డాక్టరుకు రెండొందలిచ్చి వచ్చే అలవాటున్న మనకు ఆ బిల్లులు మింగుడుపడవు. ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క నెల కూడా ఉంచొద్దు.

కాబట్టి నా మాట ఇది. ఆగస్టులో మీరొక్కరే వెళ్లండి. మీ వారు ఉద్యోగంలోనే ఉంటారు, పాప ఆయన దగ్గర ఉంటుంది. ఎఫ్-2 వాళ్లు మీతోపాటే విమానం ఎక్కాలన్న రూలు లేదు. మీరు ఎఫ్-1 స్టేటస్ సరిగా నిలుపుకున్నంత కాలం వాళ్లు తర్వాత ఎప్పుడైనా వీసా తీసుకుని రావచ్చు. మీకంటే ముందు మాత్రం వెళ్లకూడదు. ఇంకో లాభం కూడా ఉంది. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసా అడిగే మనిషి అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ఆఫీసరు మొదట అనుకోవాలి, కాదని చూపించాల్సింది మనం. ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి ముగ్గురూ ఒకేసారి నిలబడటం కన్నా, ఒక సెమిస్టర్ మార్కులు, ఇక్కడ ఆయన ఉద్యోగం, లీవు లెటర్ చూపించి అడగడం గట్టిగా ఉంటుందని నా అభిప్రాయం.

ఎఫ్-2 అనగానే సామాను సర్దుకుని కాపురం మార్చడమే అనుకుంటున్నారు అందరూ. అక్కర్లేదు. మన దగ్గర బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అక్కడ స్ప్రింగ్ సెమిస్టర్ మే మొదటి రెండు వారాల్లో అయిపోతుంది. మీ వారు నెలన్నర లీవు పెట్టగలిగితే ముగ్గురూ ఆ వేసవిలో కలిసి ఉండి, వాళ్లు వెనక్కి రావచ్చు. పాపకు అమ్మ ఉండే చోటు, అమ్మ ఎక్కే బస్సు, అమ్మ కూర్చునే బల్ల తెలుస్తాయి. అవి తెలిశాక ఫోనులో మాట్లాడటం వేరుగా ఉంటుంది.

రెండో ఏడు నుంచి పాప మీ దగ్గరే ఉండాలనుకుంటే, దానికీ ఆ సమయమే మేలు. ఈ ఏడు ఆగస్టులో వెళ్తే పాపకు నాలుగేళ్లే. మీ క్లాసులప్పుడు తండ్రి చూసుకోకపోతే డేకేర్‌లో వేయాలి, దాని ఫీజు మీ గది అద్దెతో పోటీ పడుతుంది. టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదు నిండిన పిల్లలు పబ్లిక్ స్కూల్లో కిండర్‌గార్టెన్‌లో చేరవచ్చు, ఫీజు లేదు. ఎఫ్-2 పిల్లలకు ఇందులో ఏ అడ్డూ లేదు. వచ్చే జూన్‌కి మీ పాపకి ఐదు. ఒక్క ఏడాది ఆగితే డేకేర్ ఖర్చు మాయమవుతుంది. ఆయన ఉద్యోగం మానాలా, జీతం లేని లీవు దొరుకుతుందా అన్నది అప్పటికి మీకే తేలుతుంది.

‘అనాథను చేసినట్టే’ అన్న మాట గురించి. తండ్రి ఇంట్లో ఉన్న పిల్ల అనాథ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఇదే సీటు మీ వారికి వచ్చి ఉంటే ఈ మాట ఎవరి నోట్లోంచీ వచ్చేది కాదు, శంషాబాద్ దాకా రెండు కార్లలో వెళ్లి దండ వేసి పంపేవాళ్లు. అలాగని మీకు బాధ ఉండదని చెప్పను. మొదటి రెండు నెలలు భరించలేనట్టే ఉంటుంది. పాప కొన్ని రోజులు ఫోను దగ్గరకే రాదు, అలిగి కాదు, ఆటలో పడి. అది మీకు ఇంకా గుచ్చుకుంటుంది. ఇక్కడ ఉదయం ఎనిమిదికి స్కూల్ ఆటో వచ్చే వేళకు టెక్సాస్‌లో ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అది మీకు భోజనం అయ్యే టైము. రోజూ ఆ పావుగంట జడ వేసేటప్పుడో బాక్సు సర్దేటప్పుడో ఫోను నిలబెట్టి ఉంచమనండి. ‘అమ్మతో మాట్లాడు, మాట్లాడు’ అని ముందుకు తోయడం కన్నా అది నయం.

అమ్మగారి విషయం క్లుప్తంగా. తల్లిదండ్రులు ఎఫ్-2లోకి రారు. ఇక్కడ చెప్పుకుంటున్న దేశాల్లో స్టూడెంట్ డిపెండెంట్ అంటే భర్త లేదా భార్య, పిల్లలు, అంతే అనుకోండి. ఆమె విజిటర్ వీసా మీద మిమ్మల్ని చూడ్డానికి రావచ్చు, మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మీ రెండేళ్ల చదువు ఆ ఆరు నెలల మీద ఆధారపడేలా ప్లాన్ చేసుకోకండి. ఆవిడ మియాపూర్‌లో మీ ఇంటికి దగ్గరగా ఉంటే అల్లుడికీ మనవరాలికీ ఇప్పుడే ఎక్కువ సాయం.

కెనడా అన్నయ్య చెప్పింది ఆయన వెళ్లినప్పటికి నిజమే. తర్వాత మారింది. 2025 జనవరి 21 నుంచి, విద్యార్థి చేస్తున్న మాస్టర్స్ కనీసం 16 నెలలు ఉంటేనే, లేదా పీహెచ్‌డీ, కొన్ని వృత్తి కోర్సులు అయితేనే భార్యకో భర్తకో ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. డిప్లొమాల మీద వెళ్లేవాళ్ల భాగస్వాములకు ఆ దారి మూసుకుపోయినట్టే. భర్త పని చేయగలగడమే అన్నింటికన్నా ముఖ్యమని మీ ఇద్దరికీ అనిపిస్తే, ఒక ఏడాది ఆగి ఇలాంటి పొడవైన మాస్టర్స్‌కు గానీ, ఆస్ట్రేలియాకు గానీ చూడండి. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చదివేవాళ్ల భాగస్వామి, కోర్సు మొదలయ్యాక గంటల పరిమితి లేకుండా పని చేయవచ్చు. డబ్బు చూపించడం మాత్రం గట్టిగానే ఉంటుంది. 2024 మేలో పెంచిన లెక్క ప్రకారం ఏడాది ఖర్చులకు విద్యార్థికి 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు, భర్తకు 10,394, ఒక్కో పిల్లకు 4,449, బడి ఖర్చు, ఫీజు, టికెట్లు వేరే. అక్కడ మొదటి అప్లికేషన్‌లోనే కుటుంబం ఉందని రాయాలి, వెంట రాకపోయినా సరే. దాచిపెడితే తర్వాత తెచ్చుకోవడం కష్టం. సింగిల్ అని పెట్టమనే సలహాదారులు అక్కడ ఇంకా ముంచుతారు.

వెళ్లేది ఎప్పుడైనా ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది, కాగితాలు. మీ పెళ్లి ఫంక్షన్ హాల్లో అయింది, రిజిస్టర్ చేయించలేదని రాశారు. పెళ్లి కార్డు, ఫోటోలు, ఇద్దరి వయసు రుజువులు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి చేయించేయండి. పాప జనన ధ్రువపత్రం తీసి మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్టులతో అక్షరం అక్షరం సరిచూడండి. మన పేర్లతో ఉన్న తంటా ఇదే. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఒకచోట అత్తింటిది, ఒకచోట ఉత్త పొడి అక్షరం. లక్ష్మి అన్న చిన్న పేరును ఒక కాగితంలో ‘కెఎస్‌హెచ్’తో, ఇంకో కాగితంలో ‘ఎక్స్’తో రాస్తారు. ఇంటర్వ్యూ తేదీ వచ్చాక ఇవి సరిచేయించాలంటే మీసేవ చుట్టూ తిరగడానికి రోజులు చాలవు. పాపకు పాస్‌పోర్టు ఇప్పుడే అప్లై చేయండి, చిన్నపిల్లలకు ఐదేళ్లకే ఇస్తారు.

ఇక మీ వారి మాట. ఈ ఆదివారం పాప నిద్రపోయాక, లోన్ కాగితాలు ముందు పెట్టుకోకుండా, ఆయన్ని అడగండి. నేను వెళ్తే ఏడాదిపాటు పాపను మీరొక్కరే చూసుకోగలరా? తర్వాత నా దగ్గరికి వచ్చి, ఉద్యోగం లేకుండా ఉండాల్సి వస్తే ఎన్ని నెలలు ఉండగలరు? రెండో ప్రశ్నకు ‘చూద్దాంలే’ అంటే ఒప్పుకోకండి, ఒక అంకె చెప్పమనండి. ఆరు నెలలు అన్నా మంచిదే, అసలు ఉండలేను అన్నా మంచిదే. ఆ అంకె వచ్చాక సోమవారం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. భర్తకూ ఒక పిల్లకూ ఐ-20 కావాలంటే ఎంత డబ్బు చూపించాలి, తర్వాతి సెమిస్టర్‌లో అడిగితే ఇస్తారా అని. కన్సల్టెన్సీ వాళ్లతో పెట్టించకండి, మీ మెయిల్ ఐడీ నుంచే పెట్టండి.